ఫాల్జ్ ‘మోరల్ ఇన్‌స్ట్రక్షన్’ ఆల్బమ్‌పై తెలుగులో సమీక్ష రాయడం ఎలా?

నైజీరియా ర్యాపర్ ఫాల్జ్ 2019 జనవరిలో విడుదల చేసిన ‘మోరల్ ఇన్‌స్ట్రక్షన్’ గురించి రాయదలచినవారు ముందుగా ఆ ఆల్బమ్‌ను పక్కనపెట్టి, దానికి సంగీత మూలమైన పాతతరం నైజీరియా గాయకుడు ఫెలా కూటీ పాడిన ‘జాంబీ’, ‘కాఫిన్ ఫర్ హెడ్ ఆఫ్ స్టేట్’ అనే రెండు పాటలు వినాలి. మొదటిది, ఆలోచన లేకుండా ఆజ్ఞలు పాటించే సైనికులను ఎగతాళి చేసిన పాట. 1977లో లాగోస్‌లోని ఫెలా నివాసంపై సైనికులు దాడి చేసి ఆయన తల్లి ఫున్మిలాయో రాన్సమ్ కూటీని కిటికీలోంచి కిందికి తోసేశారు; మరుసటి ఏడాది ఆమె మరణించాక, ఫెలా శవపేటికను సైనిక ప్రభుత్వ కేంద్రమైన డోడాన్ బ్యారక్స్‌కు మోసుకెళ్లిన ఉదంతం రెండో పాటకు మూలం. ఇరవై నిమిషాలు దాటే ఈ పాటలో ఫెలా ఒక మాట అంటే వెనుక బృందం అందుకుంటుంది. ఒగ్గుకథ రాత్రంతా విన్న మన ప్రాంతంవారికి ఆ నిడివి గానీ, ఆ అందుకోలు గానీ కొత్తగా తోచవు.

ఆ తరువాత ఫాల్జ్ పాటలు తొమ్మిదీ వరుసగా వినాలి. ‘ఫాలో ఫాలో’లో ‘జాంబీ’ సంగీతం వినిపిస్తుంది, కానీ అక్కడి సైనికుడి స్థానంలో ఇక్కడ గుడ్డిగా ఇతరులను అనుకరించే సామాన్యుడు ఉంటాడు. ‘ఆమెన్’ మత ప్రబోధకుల ధనాశను ప్రశ్నిస్తుంది. విదేశాల నుంచి వచ్చి డాబు చూపే వ్యక్తిపై ఫెలా హాస్యంగా కట్టిన పాట, ‘జానీ’లో అన్యాయంగా ప్రాణం కోల్పోయిన యువకుడి కథగా మారుతుంది; నా దృష్టిలో ఆల్బమ్ మొత్తంలో పాత బాణీకి కొత్త ప్రాణం పోసిన పాట ఇదే. ముఖచిత్రం గీసినది ఫెలా ఆల్బమ్‌లకు ఎన్నో చిత్రాలు గీసిన లెమీ గరియోక్వు అన్న విషయాన్ని ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగవచ్చు.

పాటల సాహిత్యంలో ఎక్కువ భాగం నైజీరియా పిడ్జిన్‌లో, అంటే స్థానిక భాషలతో కలిసిన వాడుక ఇంగ్లీషులో, ఉంటుంది కనుక, మొదటిసారి వినేటప్పుడే ఆ సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకోవాలి. పంక్తుల భావాన్ని ఉటంకించేటప్పుడు గ్రాంథికానికి దగ్గరి తెలుగులో పెడితే వీధి మాట పెళుసుబారుతుంది. కాళోజీ జన్మదినాన్ని భాషా దినోత్సవంగా జరుపుకునే వరంగల్‌లో ఉన్నవారు ఆ భావాన్ని ఇక్కడి యాసలో చెప్పడానికి సంకోచించనవసరం లేదు.

ఆదరణ గురించి రాసే భాగమే కష్టమైనది. ఈ ఆల్బమ్ 2019 ఫిబ్రవరి 23న జరిగిన అధ్యక్ష ఎన్నికలకు కొద్ది వారాల ముందు వచ్చింది. అవినీతిపై సూటిగా మాట్లాడే ‘టాక్’ ఆ సందర్భంలోనే జనంలోకి వెళ్లింది. అదే ఏడాది నైజీరియా సంగీత పురస్కారాలైన హెడీస్‌లో ‘మోరల్ ఇన్‌స్ట్రక్షన్’ ఉత్తమ ఆల్బమ్‌గా నిలిచింది. ఇవి రాసి ఆగిపోతే అది సమీక్ష కాదు, ప్రకటన. ఫాల్జ్ స్వయంగా న్యాయశాస్త్రం చదివినవాడు, ప్రసిద్ధ మానవహక్కుల న్యాయవాది ఫెమీ ఫలానా కుమారుడు. అటువంటి స్థానం నుంచి, డబ్బు కోసం సంబంధాలు పెట్టుకునే స్త్రీలను తప్పుపట్టడం బోధకుడి ధోరణి అని పలువురు విమర్శించారు. ‘హిపోక్రైట్’ (కపటి) అనే పాట ఉన్న ఆల్బమ్‌పైనే ఈ విమర్శ రావడాన్ని సమీక్షకుడు దాటవేయకూడదు.

ధూంధాం వేదికల ముందు పెరిగిన శ్రోతకు ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది: ప్రభుత్వాన్ని నిలదీసే పాట ఏదైనా మనదే అనిపించి, దాని లోపాలు చెవికెక్కవు. కాబట్టి ధైర్యానికి ఇచ్చే మెప్పును ఒక పేరాలో, సంగీతానికి ఇచ్చే మెప్పును వేరొక పేరాలో రాయాలి. రెండో పేరాలో ఫెలా నుంచి తీసుకున్నదేదో, ఫాల్జ్, ఆయన నిర్మాతలు చేర్చినదేదో పాటవారీగా విడదీయాలి. రేటింగ్ నక్షత్రాల లెక్క మాత్రం వేయకపోవడమే మేలు.