పెళ్లి డ్రెస్‌కు ఎంత ఖర్చు పెట్టాలో ముందే తేల్చుకోవడం ఎలా?

పెళ్లి డ్రెస్ (ఇక్కడ పెళ్లి గౌను అనుకుందాం) దగ్గర చాలామంది లెక్క తలకిందులుగా మొదలవుతుంది. ముందు షాపుకెళ్తారు. నాలుగు డ్రెస్సులు వేసి చూస్తారు, వాటిలో ఒకటి మనసుకు పట్టేస్తుంది, ఇక దాని ధరకు సరిపడేలా బడ్జెట్ తయారవుతుంది. అద్దం ముందు నిలబడి వేసే లెక్క ఎప్పుడూ డ్రెస్ వైపే మొగ్గుతుంది. అందుకని ముందు అంకె, తర్వాతే డ్రెస్. ఆ అంకె కూడా ట్యాగ్ మీద ఉండే ధర కాదు. పెళ్లిరోజున డ్రెస్ మీ ఒంటికి సరిగ్గా అమరి, ఆ తర్వాత శుభ్రమై బీరువాలోకి చేరేదాకా అయ్యే మొత్తం. అక్కణ్నుంచి చేయాల్సిందల్లా తీసివేతలే.

1. చేతిలో ఉన్న డబ్బు నుంచి మొదలుపెట్టండి

"మొత్తం పెళ్లి ఖర్చులో ఇంత శాతం డ్రెస్‌కి" అనే సూత్రాలు తరచూ కనిపిస్తుంటాయి. వాటిని పక్కన పెట్టేయొచ్చు. పదిమంది సమక్షంలో రిజిస్టర్ పెళ్లి చేసుకునేవాళ్లకు డ్రెస్సే అన్నిటికన్నా పెద్ద ఖర్చు కావచ్చు. వెయ్యిమందిని పిలిచిన చోట అదే డ్రెస్ లెక్కలోకే రాకపోవచ్చు. అతిథులు పెరిగినంత మాత్రాన డ్రెస్ ధర ఎందుకు పెరగాలి? ఇలాంటి సూత్రం విన్నప్పుడు అది ఎవరికి లాభమో ఒకసారి ఆలోచించండి. ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టాలన్న మాటను 1980ల్లో ఊరూరా చాటింది వజ్రాలమ్మే డి బీర్స్ కంపెనీ ప్రకటనలే.

పెళ్లి కోసం ఇప్పటికే పక్కన పెట్టిన డబ్బు ఎంతో రాయండి. అందులోంచి తప్పించుకోలేని ఖర్చులు తీసేయండి. అత్యవసరానికని దాచుకున్న సొమ్ము జోలికి వెళ్లకండి. మిగిలిన దాంట్లో ఫొటోలు, ప్రయాణం, కొత్త కాపురానికి కావలసిన సామాను వగైరా అన్నీ డ్రెస్‌తో పోటీ పడతాయి. వీటిలో మీకు ఏది ముఖ్యమో ఇంకెవరూ చెప్పలేరు. బట్టల మీద పెద్దగా మోజు లేనివాళ్లు "జీవితంలో ఒక్కసారే కదా" అన్న మాటకు లొంగాల్సిన పనిలేదు. పెళ్లి భోజనాలూ ఒక్కసారే, ఫొటోలూ ఒక్కసారే!

డ్రెస్ డబ్బు మేమిస్తామని ఇంట్లోవాళ్లు ఎవరైనా అంటే రెండు సంగతులు అడగడానికి మొహమాటపడకండి. ఎంత వరకు ఇవ్వగలరు? ఎంపికలో వాళ్ల మాట కూడా ఉండాలనుకుంటున్నారా? ఆ రెండోది అడక్కుండా వదిలేస్తే షాపులో అందరి ముందు తేలుతుంది. మాట పట్టింపులు వచ్చేది అక్కడే.

అప్పు చేసి కొనాలనుకుంటే వడ్డీతో కలిపిన మొత్తాన్నే డ్రెస్ ధరగా రాసుకోండి. ఏడాదికి 24 శాతం వడ్డీతో 100 తీసుకుని 12 సమాన నెలవాయిదాల్లో కడితే చివరికి కట్టేది సుమారు 113 అవుతుంది. వాయిదా చిన్నదిగా కనిపించడం వల్ల 100 పెట్టాల్సిన చోట 150 డ్రెస్ చూడటం మొదలవుతుంది. అసలు నష్టం వడ్డీలో కన్నా అక్కడే ఎక్కువ.

చివర్లో ఒకే ఒక్క అంకె రాసుకోండి. "ఇంత అనుకుంటున్నాం, మరీ నచ్చితే ఇంతవరకు వెళ్దాం" అని రెండు పెట్టుకుంటే ఆ రెండోదే అసలు బడ్జెట్ అయి కూర్చుంటుంది.

2. ట్యాగ్ మీద కనిపించని ఖర్చులు తీసేయండి

బడ్జెట్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

అన్నిటికన్నా పెద్దది ఆల్టరేషన్. కింది అంచు కాస్త పొట్టి చేయించడమంటే చిన్న పనే కదా అనిపిస్తుంది. ఒకసారి గౌనును బల్ల మీద తిరగేసి చూడండి. పైన నెట్, దాని కింద ఇంకో నెట్, ఆ కింద శాటిన్, లోపల లైనింగ్. ఒక్కో పొరనూ విడిగా కొలిచి, కత్తిరించి, మడిచి కుట్టాలి. అంచున లేసు ఉందంటే దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, బట్ట పొట్టి చేశాక మళ్లీ అతికి కుట్టాలి. నడుం దగ్గర బిగించాల్సి వచ్చి అక్కడ పూసలు ఉంటే, కుట్టు పడే దారిలో ఉన్న పూసలన్నీ తీసేసి, కుట్టు వేశాక ఒక్కొక్కటీ చేత్తో తిరిగి పెట్టాలి. పూసల మీద మిషన్ నడిపితే సూది విరుగుతుంది. అందుకే ఒకే ధర ఉన్న రెండు డ్రెస్సుల్లో సాదాగా ఉన్నదాని ఆల్టరేషన్ కొంచెంలో పోతుంది, పని ఎక్కువున్నది కూలి దగ్గర వాత పెడుతుంది. నేలమీద పారాడే వెనక భాగాన్ని తర్వాత పైకి తగిలించుకునేందుకు హుక్కులు వేయించాలంటే అదొక పని.

డ్రెస్ ఖాయం చేయకముందే "నా ఒంటికి సరిచేయడానికి ఎంతవుతుంది?" అని అడగండి. ధరలోనే కలిసి ఉందా, విడిగా తీసుకుంటారా, ఎన్ని ఫిట్టింగులు ఇస్తారు అన్నవి కూడా. షాపులో చెప్పిన కూలి ఎక్కువనిపిస్తే బయట మంచి టైలర్‌ని అడిగి చూడటంలో తప్పు లేదు. కాకపోతే ఆ టైలర్‌కు ఇలాంటి పొరల బట్ట కుట్టిన అలవాటు ఉండాలి.

ఆ తర్వాత చిన్నచిన్నవి: డ్రెస్ కింద వేసుకునే లోదుస్తులు, చెప్పులు, మేలిముసుగు, తలలో పెట్టుకునేవి, పన్ను, డెలివరీ, పెళ్లిరోజు ఇస్త్రీ, పెళ్లయ్యాక డ్రైక్లీనింగ్. డ్రైక్లీనింగ్‌ను ఎవరూ లెక్కలో వేయరు. రంగులేని తీపి పానీయం ఒలికితే అప్పటికి ఏమీ కనిపించదు. అందులోని పంచదార బట్టలోనే ఉండిపోయి, కొన్నాళ్లకు గోధుమరంగు మరకగా తేలుతుంది. దాచుకోవాలన్నా, అమ్మాలన్నా వెంటనే శుభ్రం చేయించక తప్పదు.

లెక్క ఎలా వస్తుందో చూడటానికి మీ మొత్తం 100 అనుకుందాం. ఆల్టరేషన్‌కు 15, లోదుస్తులు, చెప్పులు, అలంకరణకు 12, పన్నులు, రవాణాకు 6, ఇస్త్రీ, శుభ్రానికి 5, అనుకోకుండా వచ్చేవాటికి 5. ఇవి పోగా మిగిలింది 57. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే, మీవి మీరు నాలుగు చోట్ల అడిగి వేసుకోవాలి. షాపులో చెప్పాల్సిన బడ్జెట్ మాత్రం ఆ 57, మీ 100 కాదు.

3. ధరలో ఏముందో తెలుసుకోండి

డ్రెస్ ధరను నడిపేవి ముఖ్యంగా మూడు: బట్ట, చేతిపని, పేరు. శాటిన్ అన్నది నేత పద్ధతి పేరే తప్ప దారం పేరు కాదు. పట్టుతో నేసినా శాటినే, పాలిస్టర్‌తో నేసినా శాటినే. రెండింటి ధరకూ ఎక్కడా పోలిక ఉండదు. కాబట్టి "శాటిన్" అన్న మాటతో సరిపెట్టుకోక లోపలి లేబుల్ మీద ఏ దారమో చదవండి. అలాగని పాలిస్టర్ అంటే నాసిరకం అనుకోకండి. అది తక్కువగా నలుగుతుంది, నీళ్ల చుక్క పడినా మచ్చ కట్టదు. పట్టు మెరుపు, ఒంటి మీద జారే తీరు వేరు, కానీ దాన్ని కాపాడుకోవాలి. 1981లో బ్రిటన్ యువరాణి డయానా పెళ్లి గౌను పట్టు టఫెటా అనే బిరుసైన బట్టతో కుట్టింది. వెనక భాగమే దాదాపు 25 అడుగులు. గుర్రపు బండిలో ఇరుగ్గా కూర్చుని వచ్చి దిగేసరికి నలిగిపోయి ఉండటం ప్రపంచమంతా టీవీల్లో చూసింది. ఖర్చుకు వెనకాడని చోట కూడా బట్ట తన గుణం చూపించింది.

చేతిపని అంటే గంటలు. 1947లో అప్పటి యువరాణి ఎలిజబెత్ పెళ్లి గౌనుకు దాదాపు 10,000 చిన్న ముత్యాలు కుట్టారు. 350 మంది 7 వారాలు పనిచేశారు. మన డ్రెస్ మీద అంత పని ఉండదు గానీ సూత్రం ఒక్కటే: చేత్తో కుట్టిన పూసకు ధర ఎక్కువ, జిగురుతో అంటించిన దానికి తక్కువ. వేలితో మెల్లిగా కదిపి, వెనక్కి తిప్పి చూస్తే దారం ఉందో లేదో తెలిసిపోతుంది. పనితనం తెలుసుకోవాలంటే డ్రెస్ లోపలివైపు చూడటమే మేలు. కుట్లు నీటుగా ఉన్నాయా, లైనింగ్ ఒంటికి గుచ్చుకుంటోందా, తర్వాత వదులు చేసుకోవడానికి కుట్టు పక్కన బట్ట మిగిల్చారా చూడండి. పేరుకు పెట్టే డబ్బు మీ ఇష్టం. అది పెడుతున్నామని తెలిసి పెట్టండి, అంతే.

4. తక్కువలో వచ్చే దారులు ముందే చూడండి

వీటిని చివరి గత్యంతరంగా చూడకండి. షాపులో ట్రయల్‌కు వాడిన నమూనా డ్రెస్సులు తగ్గించి అమ్ముతారు. చంకల దగ్గర, జిప్ దగ్గర, అంచున పరిశీలించి తీసుకోవాలి. తిరిగి తీసుకోరు కాబట్టి ఆల్టరేషన్‌తో కలిపి లెక్క వేయండి. ఒకసారి వేసిన డ్రెస్ సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఇదివరకు దాన్ని ఎంత పొట్టి చేశారో అడగండి. కత్తిరించేసిన పొడవు తిరిగి రాదు. అద్దెకు తీసుకునేటప్పుడు డిపాజిట్ ఎంత, మరక పడితే ఎంత కోస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి.

ఇంట్లోవాళ్ల డ్రెస్ సరిచేయించుకోవడమూ మంచి దారే. 2020లో బ్రిటన్ యువరాణి బియాట్రిస్ తన నాయనమ్మ రెండో ఎలిజబెత్ పాత గౌనుకు చేతులు కుట్టించుకుని పెళ్లిలో వేసుకుంది. ఈ దారిలోనూ ఖర్చు ఉంటుంది. పాత బట్ట చిరుగుపట్టి ఉంటే సరిచేసే కూలి కొత్తదాని ధరకు దగ్గరగా పోతుంది. టైలర్‌కు చూపించాకే మాట ఇవ్వండి.

5. షాపులో ఎలా మెలగాలి

మొదట చూసిన అంకె ఆ తర్వాతి మన అంచనాలను తనవైపు లాగేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లోనే రాశారు. మొదటి డ్రెస్ మీ అంకెకు రెండింతలుంటే, ఆ తర్వాత ఒకటిన్నర రెట్లున్నది చవకగా కనిపిస్తుంది. అందుకే లోపలికి వెళ్లగానే అంకె చెప్పండి. దానికి పైనున్నవి తెచ్చి చూపించొద్దని మొహం మీదే చెప్పండి. "ఊరికే వేసి చూడండి" అన్నది ఊరికే అనే మాట కాదు.

ఆరుగురితో వెళ్తే ఆరు అభిప్రాయాలు వస్తాయి. మీ అంకె తెలిసిన ఒకరిద్దరు చాలు. నచ్చిన డ్రెస్‌లో కూర్చోండి, చేతులు పైకెత్తండి, మెట్లెక్కి దిగండి. ఆ రోజు వేసుకోబోయే చెప్పుల మడమ ఎంత ఎత్తో అంతే ఎత్తున్నవి తీసుకెళ్లండి. అంచు పొడవు దాన్నిబట్టే తేలుతుంది.

సైజు నంబరు చూసి కంగారు పడొద్దు. పెళ్లి గౌన్లలో చాలా బ్రాండ్లకు మామూలు బట్టల కన్నా పెద్ద నంబరు పడుతుంది. రెండు సైజుల మధ్య ఊగితే పెద్దదే తీసుకోండి. బిగించడం తేలిక, వదులు చేయడం కష్టం. పెళ్లినాటికి సన్నబడతానని చిన్నది కొనడం మాత్రం నేనైతే అసలు ఒప్పుకోను. సన్నబడకపోతే పడే కూలి వేరు, ఆ నెలలన్నీ పడే బెంగ వేరు.

6. గడువు కూడా డబ్బే

ఆర్డర్ మీద తయారయ్యే డ్రెస్‌కు నెలలు పడుతుంది, ఆ పైన ఆల్టరేషన్‌కు వారాలు. ఆలస్యంగా వెళ్తే అర్జెంటు పనికి అదనంగా అడుగుతారు, లేదంటే షాపులో ఉన్నవాటిలోనే ఏరుకోవాలి. పెళ్లికి 8, 9 నెలల ముందు మొదలుపెడితే బేరమాడే తీరిక ఉంటుంది. అంత వ్యవధి లేకపోతే రెడీమేడ్, నమూనా, అద్దె వైపు నేరుగా వెళ్లండి.

అడ్వాన్స్ ఇచ్చేముందు రసీదు మీద డ్రెస్ మోడల్, రంగు, సైజు, మీ కొలతలు, ఇచ్చే తేదీ, మిగతా సొమ్ము, ఆల్టరేషన్ కూలి, రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారో రాయించుకోండి. నోటిమాటగా "చూసుకుందాం లెండి" అన్నది ఏదైనా సరే, రసీదులోకి ఎక్కాలి.

7. అంకె దాటిన డ్రెస్ నచ్చేస్తే

ఇది జరుగుతుంది. వెంటనే వద్దనకండి, అడ్వాన్సూ ఇవ్వకండి. ఇంటికొచ్చి, రాసుకున్న కాగితం తీసి, పెరిగిన మొత్తం దేంట్లోంచి తీస్తారో ఆ వరుస మీద గీత కొట్టండి. ఫొటోగ్రాఫర్‌లోంచా, ప్రయాణంలోంచా, అతిథుల జాబితాలోంచా? గీత కొట్టడానికి వరుస దొరికితే, కలిసి డబ్బు పెడుతున్నవాళ్లకూ అది సమ్మతమైతే, నిశ్చింతగా కొనండి. దొరక్కపోతే ఆ డ్రెస్‌లో మీకు నచ్చింది ఏమిటో చూడండి. మెడ తీరా, చేతులా, నడుం కుదింపా? దాన్ని టైలర్‌కు చూపించి, అదే తీరును సాదా బట్ట మీద తేవడానికి ఎంతవుతుందో అడగండి. పూసల పని తీసేసి తీరును మాత్రం ఉంచితే చాలాసార్లు ఆ 57లోనే ఇమిడిపోతుంది.