గంజాయి స్ట్రిప్ నెగటివ్ వచ్చినా ఆగకండి: సింథటిక్ గంజాయి పరీక్ష, చట్టం

హాస్టల్లో ఉన్న పిల్లవాడి మీద అనుమానం వచ్చి ఆన్‌లైన్‌లో యూరిన్ కిట్ తెప్పించే తల్లిదండ్రులు, హనుమకొండ, వరంగల్ హాస్టళ్ల వార్డెన్లు కిట్ విప్పకముందే ఒక మాట తెలుసుకోవాలి. టీహెచ్‌సీ అని రాసి ఉన్న స్ట్రిప్ మామూలు గంజాయిని పట్టుకుంటుంది. సింథటిక్ గంజాయిని, అంటే ఎండాకు మీద చల్లి అమ్మే కృత్రిమ రసాయనాలను, పట్టుకోదు.

గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ ఒంట్లో విరిగి కార్బాక్సీ టీహెచ్‌సీగా మారి మూత్రంలోకి వస్తుంది. స్ట్రిప్ వెతికేది దాన్నే. సింథటిక్ రకాలు మెదడులో టీహెచ్‌సీ పనిచేసే గ్రాహకం (రిసెప్టర్) మీదే పనిచేసినా వాటి అణువుల నిర్మాణం వేరు. వాటిలో ఒకటైన జేడబ్ల్యూహెచ్-018 అనేది అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో జాన్ హఫ్‌మన్ బృందం పరిశోధన కోసం తయారుచేసిన రసాయనం. 2008 చివర్లో యూరప్‌లో ‘స్పైస్’ పేరుతో అమ్ముతున్న ఎండాకు పొట్లాల్లో అది బయటపడింది. ఒకదాన్ని నిషేధిస్తే, కొద్దిగా మార్చిన ఇంకోటి వస్తోంది. స్పైస్ లాంటి పొట్లాలకే ఇంకో పేరు కె2. ఆ పేరు రాసి అమ్మే స్ట్రిప్పుల్లో చాలావాటికి తెలిసింది జేడబ్ల్యూహెచ్-018, 073 లాంటి పాతవే. కొత్త రకం వాడినవాడికి కె2 స్ట్రిప్ కూడా నెగటివ్ చూపించవచ్చు.

ప్రమాదం కూడా గంజాయి లాంటిది కాదు. టీహెచ్‌సీ ఆ గ్రాహకాన్ని కొంతవరకే కదిలిస్తుంది, ఇవి చాలావరకు పూర్తిగా కదిలిస్తాయి. పైగా ఆకు మీద చల్లిన రసాయనం అంతటా సమంగా పట్టదు. ఒకే పొట్లంలోంచి ఇద్దరు తాగితే ఒకరికి ఏమీ కాకపోవచ్చు, రెండోవాడికి ఫిట్స్ రావచ్చు. వేప్ (ఈ-సిగరెట్) ద్రవంలో కలిపి కూడా అమ్ముతారు.

ఇక పరీక్ష. చెప్పకుండా, బలవంతంగా చేయకండి. నమ్మకం పోతే తర్వాత చికిత్సకు రాడు. అప్పుడే పట్టిన మూత్రమని తేలాలంటే, పట్టిన నాలుగు నిమిషాల్లోపు దాని వేడి 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. స్ట్రిప్‌ను దాని మీద ముంచాల్సిన హద్దుగా ఉన్న గీత దాటి ముంచకండి. చదునైన చోట పెట్టి, కిట్ మీద రాసిన సమయానికి, సాధారణంగా అయిదు నిమిషాలకు, చూడండి. పది నిమిషాలు దాటాక కనిపించేది లెక్కలోకి రాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: టి (టెస్ట్) దగ్గర గీత పడితే నెగటివ్, పడకపోతే పాజిటివ్. ఎంత లేత గీతైనా నెగటివే. సి (కంట్రోల్) దగ్గర గీత లేకపోతే ఆ స్ట్రిప్ చెడిపోయినట్టే, ఇంకోటి వాడాలి.

పాజిటివ్ రాగానే పిల్లవాణ్ని నిలదీయకండి. టీహెచ్‌సీ స్ట్రిప్ పాజిటివ్ చూపించే సాధారణ హద్దు మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు. గ్యాస్‌కు వేసుకునే పాంటోప్రజోల్ గోలీ వల్ల తప్పుడు పాజిటివ్ వచ్చిన సందర్భాలున్నాయి. హెచ్ఐవీ మందు ఎఫావిరెంజ్ వల్లా రావచ్చు. భంగు తాగితే వచ్చేది మాత్రం నిజమైన పాజిటివే. నల్లమందు స్ట్రిప్ పాజిటివ్ కావడానికి మన మసాలాలో వేసే గసగసాలు, కోడీన్ దగ్గు మందు చాలు. అమెరికాలో నల్లమందు పరీక్ష హద్దును 1998లో 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచింది గసగసాల కారణంగానే. మన జిల్లాల్లో ఇంకోటి కూడా ఉంది. బీజెడ్‌ఓ (బెంజోడయాజెపైన్ రకం మత్తు మందులను పట్టే) స్ట్రిప్ పాజిటివ్ అయితే కల్లు సంగతి అడగండి. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం అందులో కనబడుతుంది. అలాంటి కల్లు రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు లేకుండా మాన్పించకండి.

ఉద్యోగం, కాలేజీ సీటు, కేసు లాంటివి ముడిపడి ఉంటే స్ట్రిప్ మాట చెల్లదు. ల్యాబులో రసాయనాన్ని కచ్చితంగా గుర్తించే జీసీ-ఎంఎస్ లేదా ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పరీక్ష కావాలి. శాంపిల్ రెండు సీసాల్లో పట్టి, మీ ముందే సీలు వేసి, సంతకం పెట్టించాలి. అంతకుముందే వాడుతున్న మందులన్నీ రాసివ్వండి. సింథటిక్ రకాలు వెతకమని విడిగా అడగాలి. అడగకపోతే ఆ పరీక్ష జరగదు. ఏయే రసాయనాలు వెతికారో రిపోర్టులో రాయించుకోండి.

మనిషి పడిపోతే పరీక్ష మాట పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కట్టేయకండి. దీనికి విరుగుడు మందు లేదు. ఫిట్స్, గుండెదడ, వేడి తగ్గించడమే చికిత్స. మిగిలిన పొట్లం, వేప్ డాక్టరుకు చూపించండి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లినా ఇంకెక్కడికైనా సరే.

చట్టం విషయానికొస్తే, మాదకద్రవ్యాలకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 1985లోది. గంజాయికి సెక్షన్ 20: కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు వాణిజ్య పరిమాణం. చిన్న పరిమాణానికీ ఏడాది వరకు జైలు ఉంది. సింథటిక్ రసాయనం పేరు చట్టం షెడ్యూల్లో ఉంటే సెక్షన్ 22 వర్తిస్తుంది, అప్పుడు గంజాయికున్న కిలో లెక్క పనికిరాదు. కేంద్రం గెజిట్ ద్వారా కొత్త పేర్లు చేరుస్తూనే ఉంటుంది. జేడబ్ల్యూహెచ్-018, ఏఎం-2201లను 2015లోనే ఐక్యరాజ్యసమితి మత్తు పదార్థాల ఒప్పందంలో చేర్చారు. తూకంలో రసాయనమే కాదు, అది కలిసిన ఆకు కూడా లెక్కే అని 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘లీగల్’ అని, ‘తినడానికి కాదు’ అని పొట్లం మీద రాసి ఉన్నంత మాత్రాన రక్షణ లేదు. వేప్ పరికరాల అమ్మకం, నిల్వ 2019 నుంచి నేరమే.

మత్తు పదార్థం వాడినందుకు శిక్ష సెక్షన్ 27లో ఉంది. కానీ అదే చట్టంలో సెక్షన్ 64ఏ కూడా ఉంది: వాడకం కేసు గానీ చిన్న పరిమాణం కేసు గానీ ఉన్న, మత్తుకు బానిసైన మనిషి తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ ఉండదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, ఉచితం. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. అందుకే ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి కాగితం దాకా అన్నీ ఒక ఫైల్లో పెట్టి, జిరాక్సులు లాయరుకు ఇవ్వండి.