క్రిస్మస్ కథ పిల్లలకి ముందునుంచే ఎలా చెప్పాలి

క్రిస్మస్‌కి ముందొచ్చే 4 ఆదివారాల్ని అడ్వెంట్ అంటారు కదా, చిన్నపిల్లలకి కథంతా ఒకేరోజు చెప్పేయకుండా ఈ వారాల్లో కొంచెం కొంచెంగా చెప్పండి. ఆదివారానికో కొవ్వొత్తి పెంచుకుంటూ పోండి, చాలాచోట్ల మూడు ఊదా రంగువి, ఒకటి గులాబీది పెడతారు, గులాబీది మూడో వారం. వెలిగించేది మీరే, ఆర్పే పని మాత్రం వాళ్ళకివ్వండి, దానికోసమైనా కుదురుగా కూర్చుంటారు! బైబిల్లో యేసు పుట్టుక కథ ఉన్న లూకా 2వ అధ్యాయం చదివేసి ఊరుకోకుండా బొమ్మలతో పశువుల పాక పెట్టించండి, తొట్టి డిసెంబర్ 24 రాత్రి దాకా ఖాళీగా ఉంచితే బాలయేసు ఎప్పుడొస్తాడని వాళ్ళే అడుగుతారు. బాలయేసుని చూడ్డానికి దూరం నుంచి వచ్చిన జ్ఞానుల బొమ్మల్ని గదిలో అవతలి మూల పెట్టి రోజూ కాస్త జరిపించండి, వాళ్ళ కథ చెప్పిన మత్తయి సువార్తలో ముగ్గురే అని ఎక్కడా లేదు కాబట్టి ఒక బొమ్మ తగ్గినా గొడవలేదు. ప్రార్థన రెండు ముక్కలు చాలు, సాగదీస్తే పారిపోతారు.