రాసినవాడు దొరకని సాఫ్ట్‌వేర్‌ను విప్పడం ఎలా

ఇరవై ఎనిమిదేళ్లుగా నా పని ఒక్కటే, ఇంకొకరు రాసిన ప్రోగ్రాములు విప్పి చూడటం. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని బయటికొచ్చిన రోజుల్లో దీనికి రివర్స్ ఇంజనీరింగ్ అనే పేరుందని కూడా నాకు తెలియదు. విండోస్‌కు ముందటి డాస్‌లో డీబగ్ అని చిన్న ప్రోగ్రాం ఉండేది, వేరే ప్రోగ్రాముల లోపల చూడటానికి. అదే నా బడి. తర్వాత అదే పనికి ఐడా, ఓలీడీబగ్ అనే పెద్ద పనిముట్లు నా చేతికొచ్చాయి. 2019లో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ అలాంటిదే గీడ్రాను ఉచితంగా విడుదల చేశాక, పనిముట్లు కొనే స్తోమత లేదన్న సాకు కూడా పోయింది.

కుర్రాళ్లందరూ అడిగేది ఒకటే: "ముందు అసెంబ్లీ నేర్చుకోవాలా సార్?" అసెంబ్లీ అంటే ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశాలను మనిషి చదవగలిగే పొట్టి పదాల్లో రాసే భాష. నేర్చుకోవాలి, కానీ ముందు కాదు. ఎందుకో బేగంబజార్‌లో చేసిన ఒక పనితో చెప్తాను.

అది స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చినాయన అడ్రసు లేడు. సిస్టమ్ ఆన్ చేస్తే హార్డ్‌డిస్క్ టకటకమంటోంది. సేఠ్ ఒకటే మాటన్నాడు: "సాఫ్ట్‌వేర్ పోతే పోనీ సార్, ఉద్దెర ఖాతా మాత్రం పోవద్దు."

ఇలాంటి చోట ముందు డిస్కులో ఉన్నదానికి కాపీ తీయండి. ఆ కాపీకి ఇంకో కాపీ తీసి, దాని మీదే పని చేయండి. కొత్తలో నేను ఒక మందుల షాపు ఫ్లాపీ మీద నేరుగా చెయ్యి పెట్టి రెండు నెలల లెక్కలు పాడుచేశాను. తప్పు పూర్తిగా నాదే. వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని బిల్లు పుస్తకాల్లోంచి మళ్లీ ఎక్కించాను.

చట్టం సంగతి కూడా చూసుకోండి. చట్టబద్ధంగా మన దగ్గరున్న ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో గమనించడానికి, వేరే ప్రోగ్రాంతో కలిపి నడపడానికి కావలసిన సమాచారం ఇంకోలా దొరకనప్పుడు రాబట్టుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. తాళం తీసి సీడీలు అమ్ముకోవడానికి కాదు.

ఇప్పుడు డేటా ఫైల్‌ను హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. ఫైల్లోని ఒక్కో బైటును హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, రెండంకెలుగా చూపించే ప్రోగ్రాం అది. తేదీలు 20030415 లాగా మామూలు అంకెల్లో కనిపిస్తే అది బహుశా డీబీఎఫ్ అనే పాత డేటాబేస్ ఫైలు. మీ అదృష్టం, చాయ్ తాగి రండి, చదివే ప్రోగ్రాములు బోలెడున్నాయి. ఎటు చూసినా ఒక వరసంటూ లేకపోతే కంప్రెస్ చేసి కుదించారో, ఎన్‌క్రిప్ట్ చేసి రహస్యంగా దాచారో. అది వేరే కథ. సేఠ్ ఫైలు ఈ రెండూ కాదు. అక్కడక్కడా పేర్లు, మధ్యలో పిచ్చి గీతలు.

అలాంటప్పుడు ఫైలు వైపు కళ్లు చిల్లులు పడేలా చూడకండి. ప్రోగ్రాంనే అడగండి. అంటే, మీకు జవాబు తెలిసిన విషయం దాని చేత రాయించండి. నేను ఇంగ్లిష్ పెద్ద A అక్షరం ఇరవై సార్లు కొట్టి ఒక కస్టమర్‌ను పుట్టించాను. ఆ అక్షరం కోడు హెక్స్‌లో 41. 41 41 41 అని వరసగా కనిపించింది, రికార్డు ఎక్కడుందో తెలిసింది. తర్వాత వంద రూపాయల బిల్లు వేశాను. వంద అంటే హెక్స్‌లో 64. ఎంత వెతికినా దాని జాడ లేదు. పేరు పక్కన 10 27 అని మాత్రం ఉంది. సంఖ్యలో చిన్న విలువ ఉన్న బైటును ముందు రాసే పద్ధతి కాబట్టి దాన్ని తిరగేసి 2710 అని చదవాలి. మన లెక్కలో పదివేలు. వంద రూపాయలకు పదివేల పైసలు! అనుమానం తీరడానికి బిల్లు 101 చేశాను. 74 27 వచ్చింది, పదివేల వంద.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. మార్చక ముందు, మార్చిన తర్వాత రెండు ఫైళ్లనూ పోలిస్తే మీరు ముట్టుకోని బైట్లు కూడా మారి ఉంటాయి. అందుకే ముందు ఏమీ మార్చకుండా ఒకసారి సేవ్ చేసి పోల్చండి. వాటంతట అవే మారేవి ఏవో తెలిసిపోతాయి. సేవ్ చేసిన టైము, వరస నంబరు లాంటివి. వాటిని పక్కన పెట్టి, ఒకసారికి ఒక్కటే మార్చండి. తేదీ ఒక రోజు జరిపితే ఒక సంఖ్య ఒకటే పెరిగింది. 2000 జనవరి 1కి 36526 వచ్చింది. వెనక్కి లెక్కేస్తే 1899 డిసెంబర్ 30 సున్నా. డెల్ఫీ అనే ప్రోగ్రామింగ్ పనిముట్టు తేదీలు లెక్కపెట్టేది అక్కడి నుంచే, కాబట్టి ప్రోగ్రాం దేంట్లో రాశారో కూడా ఒక అంచనా దొరికింది.

రెండు రోజుల్లో ఫైలంతా విడిపోయింది, బాకీలు తప్ప. బిల్లులు కూడి, వాపసులు తీసేస్తే వచ్చేదానికీ, ప్రోగ్రాం చూపే బాకీకీ కొందరి ఖాతాలో రూపాయో రెండో తేడా. ఇది డేటా చెప్పే సంగతి కాదు. అప్పుడు తెరిచాను డిసాసెంబ్లర్, అంటే ప్రోగ్రాంను అసెంబ్లీగా మార్చి చూపేది. బాకీ రాసే చోటొక్కటే వెతికి, నలభై వరసల అసెంబ్లీ చదివాను. ప్రోగ్రాం రాసినాయన బిల్లును దగ్గరి రూపాయికి సవరిస్తున్నాడు, వాపసులో మాత్రం రూపాయి మీది పైసలు లెక్కలోంచి వదిలేస్తున్నాడు. ఏం వెతుకుతున్నామో తెలిసి చదివాను కాబట్టి గంటన్నరలో తేలింది. మొదటి రోజే తెరిచి ఉంటే ఇప్పటికీ చదువుతుండేవాణ్ణేమో.

కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించాక సేఠ్ మొత్తం చూడలేదు. ముగ్గురు పాత బాకీదార్ల పేర్లు చెప్పి, తెర మీద అంకెలు చూసుకున్నాడు. మూడోది చూసి నవ్వాడు. "ఈయన ఎప్పుడో కట్టేసిండు సార్, మేమే రాయలే." కొట్టేయమంటారా అని అడిగితే వద్దన్నాడు. పాత సిస్టమ్‌లో ఎట్లుందో అట్లే ముందు ప్రింటు తీయమని, దాని కింద పెన్నుతో సంతకం పెట్టాడు.