లింకన్ సెంట్లు: మేలైన గ్రేడుల సర్టిఫికేషన్ లెక్కను సొంతంగా నమోదు చేసుకోవడం ఎలా

2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణి కోసం చివరి సెంట్లను ముద్రించడంతో, అమెరికాలో 1793 నుంచి సాగుతూ వచ్చిన ఒక నాణేల వరుస ముగిసింది. జనం పెన్నీ అని పిలుచుకునే ఈ నాణెం ఇకపై చలామణిలోకి కొత్తగా రాదు కాబట్టి, ఉన్నవాటిలో మేలైనవి ఎన్ని అన్న ప్రశ్నకు సేకర్తల దృష్టిలో విలువ పెరిగింది. అయితే ముద్రణ ఆగినంత మాత్రాన సర్టిఫికేషన్ ఆగదు. వంద సంవత్సరాల కిందటి నాణేలు ఇప్పటికీ పాత కట్టల నుంచి, వారసత్వంగా వచ్చిన పెట్టెల నుంచి బయటికి వచ్చి గ్రేడింగ్ సంస్థలకు చేరుతూనే ఉన్నాయి. ఆ కదలికను తేదీల వారీగా రాసి పెట్టుకునే పద్ధతి ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. దీనికి ఒక పట్టిక, నెలకు ఒక గంట సమయం, కొంత ఓపిక సరిపోతాయి.

ముందుగా ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. 1986లో పని మొదలుపెట్టిన పీసీజీఎస్, 1987లో వచ్చిన ఎన్‌జీసీ అనే రెండు సంస్థలు నాణేన్ని పరిశీలించి, అసలుదో కాదో నిర్ధారించి, 1 నుంచి 70 వరకు ఉన్న కొలమానంలో గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి, సంఖ్య వేసి పంపుతాయి. ఆ పెట్టెనే సేకర్తలు స్లాబ్ అంటారు. ఈ కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ 1793–1814 మధ్య వచ్చిన పెద్ద రాగి సెంట్ల కోసమే తయారు చేశారు. నేడు అన్ని నాణేలకూ వాడుతున్న ఈ కొలత మొదట సెంట్లకే పుట్టిందన్న సంగతి ఈ వరుసను సేకరించేవారికి సంతోషం కలిగించేదే. చలామణిలోకి వెళ్లని నాణేలకు ఎంఎస్ 60 నుంచి ఎంఎస్ 70 వరకు గ్రేడులు ఉంటాయి. ఏ సంవత్సరం, ఏ టంకశాల నాణేలకు ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చారో రెండు సంస్థలూ ప్రకటిస్తాయి. పీసీజీఎస్ దాన్ని పాపులేషన్ రిపోర్ట్ అంటుంది, ఎన్‌జీసీ సెన్సస్ అంటుంది. సేకర్తల నోట రెండూ పాప్‌గానే వినిపిస్తాయి.

పై వాక్యంలో ‘ఎన్నిసార్లు’ అన్న మాటను నేను కావాలనే వాడాను. ఆ జాబితాలో ఉన్నది నాణేల సంఖ్య కాదు, గ్రేడు ఇచ్చిన సందర్భాల సంఖ్య. ఒకే నాణేన్ని యజమాని పెట్టె పగలగొట్టి, పై గ్రేడు వస్తుందన్న ఆశతో మూడుసార్లు పంపి, మూడుసార్లూ ఎంఎస్ 66 తెచ్చుకుంటే, పెట్టెలో గ్రేడు రాసి ఉన్న పాత చీటీలను సంస్థకు తిరిగి ఇవ్వనంత కాలం జాబితాలో మూడు నాణేలున్నట్టే కనిపిస్తుంది. ఒక సంస్థ పెట్టె నుంచి తీసిన నాణెం రెండో సంస్థకు వెళ్లినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, అప్పుడు రెండు జాబితాల్లోనూ అది ఉంటుంది. అందువల్ల రెండు సంస్థల అంకెలను కూడి మొత్తం ఇంత అని చెప్పడం సరికాదు. వాటిని వేర్వేరు పట్టికల్లోనే ఉంచాలి.

ఇక ఎంపిక సంగతి. అబ్రహాం లింకన్ బొమ్మతో 1909 నుంచి వచ్చిన లింకన్ సెంట్లన్నిటినీ ఒకేసారి గమనించాలని మొదలుపెట్టినవారు రెండో నెలకే వదిలేస్తారు. ఒక దశాబ్దాన్నో, ఒక టంకశాలనో తీసుకోవాలి. కొత్తవారికి నేను సూచించేది 1909 నుంచి 1931 వరకు శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించిన, ఎస్ గుర్తు ఉన్న నాణేలను. ఎందుకో ఈ రెండింటిని పోల్చి చూస్తే అర్థమవుతుంది. 1909-ఎస్ వీడీబీ కేవలం 4,84,000 ముద్రించారు. 1926-ఎస్ 45,50,000 ముద్రించారు. ముద్రణ సంఖ్య ఒక్కటే చూస్తే రెండోది దాదాపు తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువగా దొరకాలి. కానీ అసలు ఎర్రదనం చెక్కుచెదరని ఎంఎస్ 65 స్థాయిలో వెతికితే 1909-ఎస్ వీడీబీ డబ్బుంటే దొరికే నాణెం, 1926-ఎస్ అయితే దశాబ్దాలు ఎదురుచూసినా కంటపడని నాణెం. వీడీబీ అన్న, శిల్పి విక్టర్ డేవిడ్ బ్రెనర్ పేరులోని పొడి అక్షరాలను కొద్ది రోజులకే తొలగించారన్న వార్త పాకడంతో జనం 1909 నాణేలను కొత్తగా ఉన్నప్పుడే దాచుకున్నారు. 1926-ఎస్ పట్ల అప్పట్లో ఎవరికీ ఆసక్తి లేదు, దాని ముద్రణ కూడా చాలావరకు మసకగానే ఉండేది, అవి ఖర్చుల్లో కలిసిపోయాయి. ముద్రణ సంఖ్య చెప్పలేని ఈ తేడాను సర్టిఫికేషన్ లెక్క చెబుతుంది.

రాగి నాణేలకు గ్రేడుతో పాటు రంగు కూడా రాస్తారు. అసలు ఎరుపు 95 శాతం లేదా అంతకు మించి మిగిలి ఉంటే రెడ్, 5 శాతం కంటే తక్కువైతే బ్రౌన్, మధ్యలో ఉన్నవి రెడ్-బ్రౌన్. ఒకే సంవత్సరపు ఎంఎస్ 66 నాణేల్లో ఈ మూడు రంగుల ధరలకు పొంతనే ఉండదు కాబట్టి, పట్టికలో రంగుకు ఒక వరుస చొప్పున విడిగా ఉంచాలి. పీసీజీఎస్ ప్రతి సంవత్సరానికీ, టంకశాలకూ, రంగుకూ వేర్వేరు సంఖ్యలు కేటాయించింది. 1909-ఎస్ వీడీబీ బ్రౌన్‌కు 2426, రెడ్-బ్రౌన్‌కు 2427, రెడ్‌కు 2428. వరుసకు పేరుగా ఈ సంఖ్యనే వాడితే పొరపాటున ఒక రంగు అంకెను మరో రంగు గడిలో వేసే ప్రమాదం తప్పుతుంది. 1943లో రాగికి బదులు జింకు పూత పూసిన ఉక్కుతో చేసిన సెంట్లకు మాత్రం ఈ రంగుల విభజన లేదు, వాటికి ఒక్క వరుస చాలు.

ప్రతి నమోదులోనూ ముందుగా ఉండవలసింది తేదీ. నా మొదటి పట్టికలో దాదాపు సంవత్సరం పాటు అంకెలను మార్చుకుంటూ పోయాను తప్ప తేదీలు రాయలేదు, పాత అంకెలను చెరిపివేశాను. చివరికి నా దగ్గర మిగిలింది ఆనాటి జాబితాకు ఒక నకలు మాత్రమే. అందుకే పాత అంకెపై కొత్తది ఎప్పుడూ రాయకండి. ప్రతి నెలా 1వ తేదీన కొత్త నిలువు వరుస తెరిచి, ఎంఎస్ 65, 66, 67, అంతకు పైవాటి సంఖ్యలను అందులో వేయండి. ఒకే గ్రేడులో మేలైనవాటికి ఇచ్చే ప్లస్ గ్రేడులను 2010లో రెండు సంస్థలూ ప్రవేశపెట్టాయి కాబట్టి 66, 66 ప్లస్‌లను విడివిడిగా రాసుకోవాలి. మీరు చూస్తున్న మొత్తంలో ప్లస్ నాణేలు కలిశాయో లేదో మొదటి రోజే సరిచూసుకుని పట్టిక పైభాగంలో రాసి పెట్టుకుంటే, తరువాతి నెలల్లో లేని పెరుగుదలను ఉందని భ్రమపడే అవకాశం ఉండదు. ఆ రోజు పేజీని బొమ్మగా భద్రపరచడం కూడా మంచిది.

ఆరు నెలలు నిండిన తరువాత అసలు పని మొదలవుతుంది. ఇక్కడ ఒక ఊహా ఉదాహరణ తీసుకుంటాను. ఇవి ఏ నిజమైన నాణెం అంకెలూ కావు, లెక్క తీరు చూపడానికి మాత్రమే. జనవరి 1న ఒక నాణేనికి ఎంఎస్ 66 రెడ్‌లో 210, ఎంఎస్ 67 రెడ్‌లో 14 ఉన్నాయనుకుందాం. జూలై 1న అవి 232, 21 అయ్యాయి. 66లో పెరిగింది 22, అంటే పదిన్నర శాతం. 67లో పెరిగింది 7, అంటే 50 శాతం. చాలామంది ఇక్కడితో ఆగి 67 వేగంగా పెరుగుతోందని తేల్చేస్తారు. మరొక్క అడుగు వేయాలి. జనవరి వరకు ఈ రెండు గ్రేడుల్లో ఉన్న 224లో 67 వచ్చినవి 14, అంటే పదహారింటిలో ఒకటి. ఈ ఆరు నెలల్లో కొత్తగా చేరిన 29లో 67 వచ్చినవి 7, అంటే ఇంచుమించు నాలుగింటిలో ఒకటి. పాత నిల్వలో లేని నిష్పత్తి కొత్త రాకలో కనిపించిందంటే దానికి కారణం వెతకాలి.

కారణాలు సాధారణంగా మూడు విధాలుగా ఉంటాయి. ఎక్కడో ఒక చెక్కుచెదరని బ్యాంకు కట్ట దొరికి ఉండవచ్చు. సెంట్ల కట్టలో 50 నాణేలుంటాయి, ఒకే అచ్చు జత నుంచి వరుసగా వచ్చినవైతే వాటి నాణ్యత ఒకే తీరుగా ఉంటుంది. అలా జరిగినప్పుడు పెరుగుదల ఒకటి రెండు నెలల్లోనే గుంపుగా కనిపించి ఆగిపోతుంది. నెలవారీ నమోదు ఉన్నవారికే ఈ గుంపు తెలుస్తుంది, ఆరు నెలలకోసారి రాసేవారికి తెలియదు. రెండో కారణం, పాత 66 నాణేలను పెట్టెల నుంచి తీసి మళ్లీ పంపి 67 తెచ్చుకోవడం. చీటీలు తిరిగి ఇచ్చి ఉంటే 66 సంఖ్య తగ్గుతుంది, ఇవ్వకపోతే తగ్గదు. కాబట్టి 66లో ఒకటి తగ్గి 67లో ఒకటి పెరిగిన నెలను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. సంఖ్య తగ్గినంత మాత్రాన నాణెం నశించిందని అనుకోకూడదు. మూడోది గ్రేడు ఇచ్చేవారి కొలతే కాస్త సడలడం. దీన్ని ఒక్క నాణెంతో తేల్చలేము. ఒకే కాలంలో సంబంధం లేని పది, పన్నెండు సంవత్సరాల నాణేల్లో ఇదే వంపు కనిపిస్తే, పైగా రెండో సంస్థ జాబితాలో అది కనిపించకపోతే, అప్పుడు ఆ అనుమానానికి బలం చేకూరుతుంది.

ధరకూ లెక్కకూ ఉన్న సంబంధాన్ని చదివేటప్పుడు పై గ్రేడులో ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం. తమ గ్రేడుపైన మరొకటి లేని పది నాణేలకూ, తమపైన నలభై నాణేలున్న పదింటికీ ధర ఒకటి కాదు. సంస్థలు నడిపే రిజిస్ట్రీ సెట్ల పోటీలో, అంటే సేకరణలను గ్రేడులను బట్టి పోల్చి స్థానాలు ఇచ్చే పోటీలో, పాల్గొనేవారు పై గ్రేడు కోసం పోటీపడి వేలం పాడతారు కాబట్టి, అగ్రస్థానంలో ఒక్క నాణెం చేరినా దాని కింది గ్రేడు ధర జారవచ్చు. పట్టికలో ఈ అగ్రస్థానపు గడికి వేరే రంగు వేసుకోవడం నాకు బాగా ఉపయోగపడింది.

1982 నడిమి నుంచి సెంటును రాగి పూత పూసిన జింకుతో చేశారు, బరువు 3.11 గ్రాముల నుంచి 2.5 గ్రాములకు తగ్గింది. ఈ కొత్త నాణేల జాబితాను పాతవాటి పద్ధతిలో చదవకూడదు. గ్రేడింగ్ రుసుము ముందు నాణెం విలువ ఏపాటిదీ కాదు కాబట్టి, 67 గానీ అంతకు మించి గానీ వస్తుందన్న నమ్మకం ఉన్నవాటినే పంపుతారు. వ్యాపారులు టోకుగా పంపేటప్పుడు ఫలానా గ్రేడుకు తగ్గినవాటిని పెట్టెలో పెట్టవద్దని ముందే చెబుతారు, అలా తిరిగి వచ్చినవి జాబితాకు ఎక్కవు. అందుకే ఇక్కడ కింది గ్రేడుల గడులు పలుచగా, పైవి దట్టంగా కనిపిస్తాయి. నేను పైన చెప్పిన నిష్పత్తి ఈ నాణేలకు పనికిరాదు. పూర్తిగా మానేయండి.

ప్రత్యేక రకాల విషయంలో లెక్క ఎప్పుడూ తక్కువ చూపుతుంది. వెనుకవైపు అమెరికా అన్న పేరులోని ఏ, ఎం అక్షరాలు దగ్గరగా ఉన్న 1992 నాణేలు, ఎడంగా ఉన్న 1998, 1999, 2000 నాణేలు ఇలాంటివే. ఆ రకాన్ని గుర్తించకముందు పెట్టెలో మూసినవి, రకం పేరు రాయమని అడగకుండా పంపినవి మామూలు వరుసలోనే ఉండిపోతాయి. వీటి సంఖ్య పెరిగిందంటే కొత్త నాణేలు దొరికాయని గానీ, పాతవాటికి ఇప్పుడు పేరు పెట్టారని గానీ అర్థం.

రాగి నాణేలను కోస్తా ఊళ్లలో దాచుకునే మనవారు ఒక సంగతి గమనించాలి. స్లాబ్ గాలి చొరబడని పెట్టె కాదు. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి చోట్ల ఉప్పుగాలికి, చెమ్మకు రెడ్ అని రాసి ఉన్న నాణెం కొన్నేళ్లలో గోధుమరంగుకు తిరగవచ్చు. జాబితాలో మాత్రం అది రెడ్‌గానే ఉంటుంది. 2010 నుంచి పీసీజీఎస్ రాగి రంగుకు హామీ ఇవ్వడం మానేయడానికి కారణం రాగికి ఉన్న ఈ మారే స్వభావమే. కాబట్టి రెడ్ వరుసలోని అంకెను ఇవాళ మిగిలిన ఎర్ర నాణేల సంఖ్యగా కాక, ఒకప్పుడు ఎర్రగా ఉన్నవాటి సంఖ్యగా చదవాలి. నాణేలున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని తరచుగా మారుస్తూ ఉండాలి.

సంఖ్య ఇరవైకి లోపు ఉన్న నాణేలకు మరో పట్టిక వేసుకోవచ్చు, ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ప్రతి స్లాబ్‌పైనా సర్టిఫికెట్ సంఖ్య ఉంటుంది. దాన్ని సంస్థ పేజీలో వేసి చూస్తే వివరాలు, చాలాసార్లు ఫొటో కూడా వస్తుంది. పెద్ద వేలం సంస్థల పాత అమ్మకాల్లోనూ ఈ సంఖ్యలు, ఫొటోలు దొరుకుతాయి. కనిపించిన ప్రతి సంఖ్యను, అమ్మిన తేదీని, నాణెంపై ఉన్న గుర్తును రాసుకోండి: లింకన్ చెంపపై నల్ల చుక్క, అంచు దగ్గర గీత, కోటు మడతలో మచ్చ. కొన్నాళ్లకు వేర్వేరు సంఖ్యలున్న రెండు ఫొటోల్లో ఒకే చుక్క ఒకే చోట కనిపిస్తుంది. జాబితా 12 అని చెబుతున్న గ్రేడులో మీరు ఏడు సంఖ్యలు పట్టుకుని, అందులో రెండు ఒకే నాణెమని తేల్చితే, కనీసం ఆరు వేర్వేరు నాణేలున్నాయనీ, పదకొండుకు మించి ఉండవనీ రాసుకోవచ్చు. పట్టికలో 12 పక్కనే మరో గడి తెరిచి ‘6 నుంచి 11’ అని, పక్కన ఆ రోజు తేదీతో వేయండి. తరువాతి వేలంలో ఆ నాణెం వచ్చినప్పుడు ముందు చూడవలసిన గడి అది.