బత్తాయి పాదుల్లో కలుపుకు సరుగుడు కంపోస్టు: సగంలోనే ఆపాలి

చలి ప్రాంతాల్లో పైన్ సూదులు పరిచి కలుపును అణుస్తారు. మన నల్లగొండ వైపు ఆ పనికి గట్ల మీది సరుగుడు చాలు. అది పైన్ జాతి కాదు. రాలే సూదులు కూడా నిజానికి సన్నటి రెమ్మలే, ఒకటి పట్టి లాగితే కణుపు దగ్గర ఊడి వస్తుంది. కానీ పైన్ సూదిలాగే నిదానంగా మురుగుతుంది, మనకు కావలసింది అదే.

ఎండు సూదులు, పచ్చి పేడ, గోనె సంచులు, ఒక పార ఉంటే చాలు. ఏప్రిల్‌లో మొదలుపెడితే వానలకు అందుతుంది. సూదుల మీద నీళ్లు నిలవవు, అందుకే రాత్రంతా తొట్టిలో నానబెట్టండి. వేపచెట్టు నీడలో జానెడు మందం సూదులు, పైన చిక్కటి పేడనీళ్లు, ఇలా నడుమెత్తు దాకా వేసి తడి గోనెలు కప్పండి. తొందర కోసం యూరియా చల్లొద్దు, పేడే వేయాలి. నాలుగైదు రోజులకు ఇనుప చువ్వ గుచ్చి తీస్తే పట్టుకోలేనంత కాలాలి. లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తేనే కలుపు గింజలు చస్తాయి. వేడి తగ్గగానే బయటిది లోపలికి పోయేలా తిరగేయండి.

ఇక అసలు పని, ఎప్పుడు ఆపాలన్నది. చాలామంది నల్లటి పొడి అయ్యేదాకా ఉంచుతారు. అది మంచి ఎరువే, కానీ దాన్ని పాదులో పోస్తే గరికకు పిలిచి అన్నం పెట్టినట్టే. ఇంకొందరు మురగని సూదులను మట్టిలో కలిపేస్తారు. మొదటి ఏడు నేనూ అదే చేశాను. సూదులను మురగబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజని లాగేసుకోవడంతో ముదురాకులన్నీ పసుపు రంగుకు తిరిగాయి.

రెండోసారి తిరగేశాక రెండు రోజులకోసారి లోపలి నుంచి పిడికెడు తీసి చూడండి. సూది కాఫీ రంగుకు తిరగాలి. మెలిపెడితే విరగాలి, పొడి కాకూడదు. గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. తొలకరి పడ్డ చెలక వాసన వస్తే తీసేయండి. ముక్కుకు ఘాటు తగిలితే ఇంకో వారం ఆగండి.

పరిచే ముందు తుంగను గడ్డలతో సహా తవ్వి తీయండి, ఈ కప్పు దాన్ని ఆపదు. ఆ గడ్డలను కుప్పలో వేయొద్దు. పాదు తడిపి నాలుగు వేళ్ల మందం పరవండి, మట్టిలో కలపొద్దు. చెట్టు మొదలుకు జానెడున్నర దూరం వదలాలి. తడి కాండానికి ఆనుకుని ఉంటే బంక తెగులు పట్టుకుంటుంది, తర్వాత ఎంత మందు పూసినా చెట్టు కోలుకోవడం కష్టం.

ప్లాస్టిక్ షీటు సులువు కదా అంటారు. షీటు చిరిగాక ఆ ముక్కలు ఏరలేక నడుము పడిపోతుంది. సరుగుడు కప్పు అయితే నేలలో కలిసిపోతుంది. మందం రెండు వేళ్లకు తగ్గినప్పుడు మళ్లీ వేయండి. మధ్యలో వయ్యారిభామ (పార్థీనియం కలుపు) తలెత్తితే చేతికి గ్లౌజులు వేసుకుని, పూత రాకముందే పీకేయండి.