పార్టీకి విరాళం: ముందు పాస్‌పోర్టు చూడండి, పరిమితి సంగతి తర్వాత

ఒంగోలు కర్నూలు రోడ్డులో కూర్చుని ఆదాయపు పన్ను రిటర్నులు వేయడం నా వృత్తి. టంగుటూరు వైపు పొగాకు రైతులు, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులు, రిటైరైన ఉపాధ్యాయులు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల పిల్లలు డాలస్‌లోనో, టొరంటోలోనో, లండన్‌లోనో స్థిరపడ్డారు. ఎన్నికలు దగ్గరపడితే అందరూ అడిగేది ఒక్కటే: “పార్టీకి ఎంతవరకు ఇవ్వవచ్చు?” అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. ఇచ్చేవారు ఏ దేశ పౌరులు, ఆ డబ్బు నిజంగా ఎవరిది? అర్హత లేనివాళ్లు ఒక్క రూపాయి ఇచ్చినా తప్పే.

మన దేశం సంగతి ముందు చెబుతాను. వ్యక్తి తన సొంత డబ్బు పార్టీకి ఇవ్వడానికి ఇక్కడ గరిష్ఠ పరిమితి లేదు. చాలామంది నమ్మరు గానీ చట్టం అంతే. కట్టడి ఉన్నది నగదు మీద. 2017 నుంచి 2,000 రూపాయలు దాటిన విరాళాన్ని పార్టీ నగదుగా తీసుకుంటే దానికున్న పన్ను మినహాయింపు పోతుంది. ఆర్థిక సంవత్సరంలో మీరిచ్చింది 20,000 దాటితే ఎన్నికల సంఘానికి పార్టీ సమర్పించే నివేదికలో మీ పేరు ఉండాలి. పేరు బయటికి వస్తుందని జంకేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: బయటికి రావాలి. 2018లో మొదలైన ఎన్నికల బాండ్లు, అంటే బ్యాంకులో కొని పార్టీలకు ఇచ్చే పత్రాలు, ఆ పేర్లను దాచాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. సంతనూతలపాడులో ఓటు వేసే మనిషికి తన ఎమ్మెల్యే పార్టీని ఎవరు పోషిస్తున్నారో తెలిసి తీరాలి.

కాబట్టి మీ సొంత ఖాతా నుంచి చెక్కు, యూపీఐ లేదా బ్యాంకు బదిలీ ద్వారానే ఇవ్వండి. రసీదు మీద మీ పేరు, పాన్ నంబరు, తేదీ, పార్టీ పాన్ నంబరు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 80జీజీసీ కింద మొత్తం విరాళానికి మినహాయింపు ఉంది, నగదుగా ఇచ్చినదానికి లేదు. కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి రిటర్ను వేసేటప్పుడు ఏ సంవత్సరానికి ఏ నంబరో సరిచూసుకోండి. లావాదేవీ సంఖ్య, బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కూడా రిటర్నులో అడుగుతారు.

ఇక్కడ ఒక మోసం గురించి గట్టిగా చెప్పాలి. మార్చి నెల వచ్చేసరికి దళారులు తిరుగుతారు. ఎప్పుడూ పేరు వినని ఏదో పార్టీకి లక్ష రూపాయల చెక్కు ఇవ్వమంటారు. కమీషన్ పట్టుకుని మిగిలింది నగదుగా చేతిలో పెడతామని, పన్ను మిగులుతుందని ఆశ చూపిస్తారు. ఇది పచ్చి పన్ను ఎగవేత. ఇలాంటి క్లెయిములు చేసిన ఎంతోమంది ఉద్యోగులకు ఆదాయపు పన్ను శాఖ నోటీసులు పంపింది. పన్ను, వడ్డీ, జరిమానా అన్నీ కట్టాల్సింది మీరే, ఆనాటికి దళారి ఫోను మోగదు. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయని 334 పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో జాబితా నుంచి తొలగించింది. చెక్కు రాసే ముందు ఆ పార్టీ పేరు ఇంకా జాబితాలో ఉందో లేదో చూడండి.

అభ్యర్థికి నేరుగా ఇచ్చేవాళ్లు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. ఎన్నికల ఖర్చు కోసం అభ్యర్థి ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరుస్తారు, మీ డబ్బు అందులోకే వెళ్లాలి. ఒకరి దగ్గర 10,000 రూపాయలకు మించి నగదు తీసుకోకూడదు. 2022లో సవరించిన ప్రకారం మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితి లేదు. ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం.

గ్రానైట్ కంపెనీల వాళ్లకు నిబంధనలు వేరు. కంపెనీ పెట్టి మూడేళ్లు నిండాలి, డైరెక్టర్ల బోర్డు తీర్మానం ఉండాలి. గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం అన్న పరిమితిని 2017లో ఎత్తేశారు. ఆ ఎత్తివేత కూడా చెల్లదని 2024 తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక విదేశాల్లో ఉన్న పిల్లల సంగతి. “మా అబ్బాయి నా ఖాతాలో ఐదు లక్షలు వేస్తాడట, నేను పార్టీకి ఇస్తే సరిపోతుందా అండీ?” అని ఒక పెద్దాయన అడిగారు. “అబ్బాయి పాస్‌పోర్టు ఏ దేశానిది?” అన్నాను. అమెరికాది, చేతిలో ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. అలాగైతే కుదరదు. ఓసీఐ ఉన్నా అతను విదేశీ పౌరుడే. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం పార్టీలు, అభ్యర్థులు విదేశీయుల సొమ్ము తీసుకోకూడదు, మధ్యలో తండ్రి ఖాతా పెట్టి చేర్చినా నేరమే. ఇంటి ఖర్చులకు కొడుకు పంపే డబ్బుకు ఏ అడ్డూ లేదు, పార్టీకి అందించమని పంపేదానికే అడ్డు. అదే అబ్బాయి ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉంటే తన సొంత ఖాతా నుంచి తనే ఇవ్వవచ్చు.

అమెరికా చట్టం దీనికి తిరగేసిన బొమ్మలా ఉంటుంది. అక్కడ పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు. హెచ్1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. అధ్యక్ష ఎన్నికకే కాదు, ఊరి స్కూలు బోర్డు ఎన్నికకైనా అంతే. జీతం తీసుకోకుండా ప్రచారంలో పని చేయవచ్చు. నిధుల సేకరణ విందుకు టికెట్ కొంటే మాత్రం టికెట్ ధర మొత్తం విరాళమే. పిల్లల్ని చూడటానికి వెళ్లిన తల్లిదండ్రులు కూడా తమ డబ్బుతో ఆ టికెట్ కొనకండి.

అర్హత ఉన్నవాళ్లకు 2025-26లో పరిమితి, ఫెడరల్ (కేంద్ర స్థాయి) అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఒకటి, తుది ఎన్నిక ఒకటి కాబట్టి రెండింటికీ కలిపి 7,000. భార్యాభర్తలకు ఎవరి పరిమితి వారిదే. నగదు 100 డాలర్లు మించకూడదు. ఒక అభ్యర్థికి ఇచ్చినది 200 డాలర్లు దాటితే మీ పేరు, వృత్తి, యజమాని పేరు కూడా నమోదై అందరికీ కనిపిస్తాయి. బేసి సంవత్సరాల్లో ఆ 3,500 డాలర్ల పరిమితిని ధరలతో పాటు సవరిస్తారు. అభ్యర్థులతో కలవకుండా విడిగా ప్రచారానికి ఖర్చు పెట్టే సంఘాలైన సూపర్ పాక్‌లకు ఇచ్చేదానికి పరిమితి లేదు, 2010లో వచ్చిన కోర్టు తీర్పుల ఫలితం అది. స్నేహితుల పేర్లతో ఇప్పించి తర్వాత వాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. 20,000 డాలర్లు అలా ఇప్పించినందుకు ముంబైలో పుట్టిన రచయిత దినేశ్ డిసౌజా 2014లో నేరం ఒప్పుకోవలసి వచ్చింది. 30,000 డాలర్ల జరిమానా, ఐదేళ్ల ప్రొబేషన్ (కోర్టు పర్యవేక్షణలో ఉండటం) పడ్డాయి. 2018లో అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టారు. అందరికీ అలాంటి క్షమాభిక్ష రాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది కెనడా పద్ధతి. కంపెనీలు, కార్మిక సంఘాలు అక్కడ ఫెడరల్ పార్టీలకు ఇవ్వకూడదు. పౌరులు, పర్మనెంట్ రెసిడెంట్లు మాత్రమే ఇవ్వాలి. ఒక పార్టీకి ఏడాదికి పరిమితి 2025లో 1,750 కెనడా డాలర్లు, ఏటా 25 చొప్పున పెరుగుతుంది. నగదు 20 డాలర్ల దాకానే. చిన్న దాతకు పెద్ద గౌరవం ఉంది: మొదటి 400 డాలర్లలో 75 శాతం పన్నులో తగ్గుతుంది. మన టీచరు కూడా నెల జీతంలోంచి కొంత ధైర్యంగా ఇవ్వగలిగే ఏర్పాటు ఇలాంటిదే.

బ్రిటన్‌లో ఇచ్చే సొమ్ముకు పరిమితి లేదు, 500 పౌండ్లు దాటితే అర్హత చూస్తారు. ఓటర్ల జాబితాలో పేరుండటమే వ్యక్తికి అర్హత. కామన్వెల్త్ పౌరులుగా అక్కడ చట్టబద్ధంగా నివసించే భారతీయులు ఆ జాబితాలో చేరవచ్చు కాబట్టి, లండన్‌లోని మన పిల్లలు భారత పాస్‌పోర్టుతోనే అక్కడ విరాళం ఇవ్వగలరు. ఫ్రాన్స్‌లో పార్టీలకు ఏడాదికి 7,500 యూరోలు, అభ్యర్థులకు ఒక ఎన్నికలో 4,600. కంపెనీలకు నిషేధం. బ్రెజిల్ వ్యక్తి పరిమితిని ముందటి ఏడాది ఆదాయంలో 10 శాతంగా పెట్టింది.

అర్హత లేకుండా ఇప్పటికే ఇచ్చేసి ఉంటే దాచిపెట్టవద్దు. పార్టీ లేదా అభ్యర్థి కోశాధికారికి రాతపూర్వకంగా తెలియజేసి వాపసు అడగండి. అమెరికాలో నిషిద్ధ విరాళమని తెలిసిన 30 రోజుల్లోపు, పరిమితి దాటినదైతే అందిన 60 రోజుల్లోపు సరిచేసే వీలుంది. బ్రిటన్‌లో పార్టీ 30 రోజుల్లోపు వెనక్కి పంపాలి. మీరు రాసిన లేఖ ప్రతి, డబ్బు తిరిగి వచ్చినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ రెండూ రిటర్ను ఫైల్లో పెట్టుకోండి. పన్ను మినహాయింపు అప్పటికే క్లెయిమ్ చేసి ఉంటే గడువులోగా రివైజ్డ్ రిటర్ను వేసి దాన్ని తీసేయండి.